చెంచాల లెక్క

ముప్ఫయ్యొక్క ఏళ్ళు పోర్టులో టాలీ క్లర్కుని.
బస్తా దిగితే ఒక గీత,
నాలుగు గీతల మీద అడ్డంగా ఐదోది.
కాగితం మీద ఏముందో
క్రేను కొక్కేనికి ఏం వేలాడుతోందో
రెండూ ఒకటో కాదో చూడ్డమే నా ఉద్యోగం.

అందుకే మహారాణిపేట డాక్టరమ్మ
నా రక్తం కాగితం తిరగేసి
'రాత్రి అన్నం సగం చెయ్యండి, పచ్చి ముక్కలు తినండి' అంటే
బెంగపడలేదు.
సరుకు మారింది, అంతే అనుకున్నాను.

సిరిపురం సూపర్ మార్కెట్లో
చలి అలమరలో నిలబడి ఉంది సీసా,
తెల్లగా, చిక్కగా, మెడకి ఆకుపచ్చ పట్టీతో.
'కొవ్వు లేదు' అని
ఓడ పొగగొట్టం మీద కంపెనీ పేరంత అక్షరాలు.

ఇంటికొచ్చి భూతద్దం తీశాను.
అసలు చిట్టా ఎప్పుడూ వెనకాలే ఉంటుంది, చీమ కాళ్ళంత రాతలో.
ఎక్కువున్నది ముందు, తక్కువున్నది చివర.
నీళ్ళు. ఆ వెంటనే పంచదార.
నిమ్మరసం పదకొండో పేరు,
ఓడ వెనక తాడేసి కట్టిన తెప్పలా.
కొవ్వు దించేసిన చోటు ఖాళీగా ఉంచుతారా,
తీపి ఎక్కించారు.
ఉప్పు లెక్క రెండు చెంచాలకి రాశారు.
నేను పోసుకున్నది గరిటెతో.
గరిటెని చెంచాలతో కొలిచాను. ఆరు.

పళ్ళెంలో కీరా ముక్కలు మునిగిపోయి ఉన్నాయి.
'ఏటది, సున్నమా?' అంది కనకరత్నం.

మర్నాటి నుంచి ఆ చివర వదిలి ఈ చివర పట్టుకున్నాను.
నూనె లేదు, ఉప్పు లేదు, పులుపు లేదు.
వట్టి క్యారెట్టు, వట్టి టమాటా.
దవడలు పీకాయి.
వారానికి డాక్టరమ్మ దగ్గర గొప్పగా చెప్పుకుంటే
ఆవిడ నవ్వింది.
'క్యారెట్టుకి ఆ రంగుంది చూశారా, అది నీళ్ళకి లొంగదు.
కాస్త నూనె తోడుంటేనే ఒంటికి బాగా పట్టేది.'

ఆ రాత్రి పాండురంగాపురం మేడ మీద నిలబడి
సముద్రంలో లంగరేసిన దీపాలు లెక్కపెట్టాను.
పదమూడు ఓడలు.
కడుపునిండా సరుకుంది,
రేవులో చోటు దొరక్క ఊగుతున్నాయి.
వారం పాటు నేను తిన్న క్యారెట్లూ అంతే,
దించుకునే దిక్కులేక
వచ్చిన సరుకు వచ్చినట్టే...
ఈ పోలిక ఇక్కడితో ఆపుతాను.

కనకరత్నం పూర్ణా మార్కెట్టు నుంచి
గానుగ నువ్వుల నూనె తెచ్చింది.
గిన్నెలో ఒక చెంచా నూనె, అరచెక్క నిమ్మ,
రెండు మిరియాలు నలిపి,
ఉప్పు మాత్రం రెండువేళ్ళ మధ్య నిలిచినంత.
నూనె, నిమ్మ
పెళ్ళిలో అలిగిన వియ్యపురాళ్ళలా
ఎడమొహం, పెడమొహం.
చిటికెడు ఆవపిండి వెళ్ళి మధ్యలో కూర్చుంది,
గిలక్కొడితే సర్దుకున్నారు.

'కొత్తదేటి ఇది? మాయమ్మ మావిడి ముక్కలకి ఇదే పోసీది.
పేరు ఎట్టలేదు, అంతే.'

నూనె మంచిదే కదా అని
రెండో చెంచా వంచబోతే చెయ్యి పట్టుకుంది.
పెద్ద చెంచాడు నూనంటే
ఒక పుల్కా కంటే ఎక్కువ బలమని
డాక్టరమ్మ ఆవిడకి విడిగా చెప్పిందట.
'మంచి సరుకైతే మాత్రం, పడవ మునిగిపోదేటి?'

ఇప్పుడు వంటింటి తలుపు వెనక సుద్దముక్క గీతలు,
చెంచాకి ఒకటి.
మూడు నెలలకి మళ్ళీ రక్తం ఇవ్వాలి.
కాగితం ఏం చెబుతుందో తెలీదు.
మొన్న సాయంత్రం బీచ్‌లో ఒక్కణ్ణీ
మురీ మిక్చర్ పొట్లం తిన్నాను,
పైన వేసిన నూనె ఎన్ని చెంచాలో తేలక
గీత గియ్యలేదు.

పొద్దున్న తలుపు జరిపి చూస్తే
నా చేతిరాత కాదు,
కొంచెం వంకరగా,
నాలుగు గీతల మీద అడ్డంగా
ఐదోది.